పడుకోవద్దన్న వైద్యం

ఆ వానాకాలమంతా మా ఇంట్లో గుసగుసలే. నాన్నకి నిద్ర పట్టడం లేదు. అందుకని పొద్దుగూకేసరికల్లా అమ్మ అందరికీ భోజనాలు పెట్టేసి దీపాలు ఆర్పేసేది. తలుపు గొళ్లెం చప్పుడు కాకుండా దానికి గుడ్డ చుట్టింది. గోడ గడియారం టిక్కుటిక్కుమంటోందని దాని బ్యాటరీ తీసేసింది. నాకు దగ్గొస్తే దిండులో మొహం పెట్టుకుని దగ్గేదాన్ని. ఉన్నవి రెండే గదులు. లోపలి గదిలో నాన్న మంచం, పక్కన నేల మీద అమ్మ. ముందు గదిలో నేను.

ఇంత చేసినా ఆయన కంటి మీదికి కునుకొచ్చేది కాదు. కాని, పాపం ఇది ఇంత అవస్థ పడుతోందే అని, కళ్లు మూసుకుని కదలకుండా పడుకునేవాడు.

"పట్టిందా?" అని అమ్మ తెల్లారి అడిగేది.

"కాస్త పట్టింది" అనేవాడు. కళ్లు చూస్తే చింతనిప్పులు.

ఆయన ఏ కొట్లోనో కూచుని పొట్లాలు కట్టే మనిషైతే నేనంత కంగారు పడేదాన్ని కాదు. నాన్న ఇనుప యార్డులో క్రేన్ నడిపేవాడు. ఆ క్రేన్ కింద నిలబడి సైగలు చేసేవాడు మా మావయ్య, అమ్మకి ఒక్కగానొక్క తమ్ముడు.

యార్డంటే పెద్ద రేకుల షెడ్డు. రెండు పక్కలా ఎత్తున పట్టాలు, వాటి మీద అటూ ఇటూ తిరిగే క్రేన్, దానికి వేలాడుతూ అద్దాల క్యాబిన్. లారీల్లో వచ్చిన ఇనుప దూలాలని దించడం, కోసినవాటిని మళ్లీ ఎక్కించడం పని. పైన కూచున్నవాడికి దూలం కింద ఏముందో సరిగా కనపడదు. అందుకే కింద ఒకడు నిలబడి చేత్తో చెప్తాడు. చెయ్యెత్తి వేలు తిప్పితే ఎత్తమని, అరచెయ్యి కిందికి ఊపితే దించమని, చెయ్యి పక్కకి బారచాపితే ఆపమని. మావయ్య చెయ్యీ నాన్న చెయ్యీ కలిసి ఒకే మనిషివన్నట్టు ఉండేవి. ఎంత బరువైనా చప్పుడు కాకుండా దించుతాడని యార్డులో నాన్నని దూది అని పిలిచేవాళ్లు.

వేసవి చివర్లో ఒక రోజు గొలుసు జారింది. దూలం ఒక కొస వాలిపోయి, గిర్రున తిరిగి, మావయ్య చొక్కా చింపుకుంటూ పోయింది. ఒంటి మీద గీత కూడా పడలేదు. గొలుసు కట్టినవాడిదే పొరపాటని తేల్చారు. నాన్నని ఎవరూ ఒక్క మాట అనలేదు. మావయ్య అయితే ఆ చిరుగులోంచి వేలు బయటికి పెట్టి ఊపి, "బావా, దీనికి బదులు కొత్త చొక్కా నువ్వే పెట్టాలి, చెప్తున్నా" అన్నాడు. అందరూ నవ్వారు. నాన్న కూడా నవ్వాడు. ఆ రాత్రి నుంచి ఆయనకి నిద్ర లేదు.

నేను డిగ్రీ చదివాను. అటు నాన్న వైపూ ఇటు అమ్మ వైపూ కాలేజీ గడప తొక్కింది నేనొక్కదాన్నే. ఆ చదువుతోనే యార్డు ఆఫీసులో ఉద్యోగం వచ్చింది. లారీల రాకపోకలు చూసే పని. ఆఫీసు మేడ మీద. నా కిటికీ క్రేన్ క్యాబిన్‌తో సమానమైన ఎత్తులో ఉండేది. కింద ఉన్న మావయ్యకి నాన్న తల, భుజాలు మసకమసకగా కనిపించేవి. క్యాబిన్ ఇటువైపు వచ్చినప్పుడల్లా నాకు మాత్రం ఆయన మొహం తేటగా కనిపించేది. రెప్పలు బరువుగా వాలడం, ఆయన తల విదిలించుకోవడం, బుగ్గ మీద తనే చెంపదెబ్బ వేసుకోవడం. నేను ముందున్న పని వదిలేసి కిటికీ వంకే చూస్తూ ఉండేదాన్ని.

వానలు పట్టుకున్న కొత్తలో ఒక దూలం డమ్మని దిగింది. షెడ్డంతా అదిరింది. కోతమిషన్ల దగ్గరవాళ్లు కూడా పని ఆపి ఇటు తిరిగారు. మా సూపర్‌వైజర్ మెడలో ఎప్పుడూ ఈల ఉండేది. టీ కావాలన్నా ఈలే ఊదేవాడు కాబట్టి అందరికీ ఆయన ఈల సారు.

"ఏం దూదీ, ఇవ్వాళ రాయివైపోయావేం?" అని కింద నుంచి కేకేశాడు.

నాన్న పైనుంచి చెయ్యి ఊపాడు. అంతే. మావయ్య ఏమీ జరగనట్టు తరవాతి సైగ చేశాడు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర మావయ్య పక్కన చేరాను.

"మావయ్యా, నాన్న రాత్రి రెప్ప వాల్చలేదు."

"తెలుసులేవే."

"తెలిసీ కింద ఎలా నిలబడుతున్నావు?"

"కాళ్ల మీద" అన్నాడు, నోట్లో ముద్దతో.

నాకు నవ్వు రాలేదు. అది చూసి డబ్బా పక్కన పెట్టాడు.

"చూడు కోడలా, ఈల సారు చెవిన వేశామనుకో, వెంటనే దించేస్తాడు. ఆ సీట్లో ఇంకొకడు కూచుంటాడు. కూచున్నవాడు మళ్లీ లేస్తాడా? మీ నాన్నకి ఆ సీటు తప్ప ఏం తెలుసు చెప్పు. ఇంట్లో కూచున్నా అలాగే కూచుంటాడు, రెండు చేతులూ ముందుకు పెట్టుకుని, ఏదో తిప్పుతున్నట్టు."

"నీకేమన్నా అయితే?"

"నాకేమన్నా అయితే మీ అమ్మ ఆయన్ని బతకనిస్తుందా? ఆ భయానికే ఒళ్లు దగ్గర పెట్టుకుంటాడులే" అన్నాడు. అన్నాడేగాని, డబ్బా మళ్లీ ముట్టుకోలేదు.

ఆ వారంలోనే నాన్నని బతిమాలి, చివరికి అలిగి, ఆస్పత్రికి తీసుకెళ్లాను. డాక్టరమ్మ నాకంటే నాలుగైదేళ్లు పెద్దదేమో. నాన్న ఆమె వంక అనుమానంగా చూశాడు.

"ఎప్పుడు పడుకుంటారు?"

"చీకటి పడగానే."

"నిద్ర ఎప్పుడు పడుతుంది?"

"మా ఆవిడ లేపడానికి కాస్త ముందు."

"మరి రాత్రంతా మంచం మీద ఏం చేస్తారు?"

"నిద్రపోవాలని చూస్తూ ఉంటా."

డాక్టరమ్మ కలం కింద పెట్టింది. "అదేనండీ వచ్చిన చిక్కు. రోజూ గంటలు గంటలు మంచం మీద మేలుకుని ఉండేసరికి, మంచం ఎక్కితే మేలుకోవాలని మీ ఒంటికి అలవాటైపోయింది. ఇవ్వాళ్టి నుంచి పదకొండు దాటేదాకా మంచం ఎక్కకండి. ఎక్కాక కాసేపటికి నిద్ర రాకపోతే లేచి వచ్చి ముందు గదిలో కూచోండి. కళ్లు మూతలు పడుతుంటేనే మళ్లీ వెళ్లండి. పొద్దున ఐదింటికి మాత్రం లేవాలి. రాత్రి పట్టినా పట్టకపోయినా, ఆదివారమైనా సరే. పగలు కునుకు తియ్యకూడదు. మధ్యాహ్నం దాటాక టీ వద్దు."

"మాత్రేమీ లేదా అమ్మా?"

"మాత్ర మింగి పొద్దున్నే క్రేన్ ఎక్కుతారా?" అంది. నాన్న తల దించుకున్నాడు. "మొదట్లో ఇప్పటికంటే ఘోరంగా ఉంటుంది. మధ్యలో వదలకండి. ఇంకో మాట. నిద్ర కుదురుకునేదాకా ఆ క్రేన్ ఎక్కొద్దు. సైకిలు కూడా తొక్కొద్దు."

"అలాగేనమ్మా" అన్నాడు నాన్న, బుద్ధిమంతుడిలా.

బయట చూరు కింద వాన తగ్గడానికి నిలబడ్డాం. "ఆ చివరి మాట నువ్వు వినలేదు, నేనూ వినలేదు" అన్నాడు.

"నేను విన్నాను నాన్నా."

"రెండు వారాలు ఆగు తల్లీ. అప్పటికీ తగ్గకపోతే నేనే చెప్తా."

"నువ్వు చెప్పకపోతే నేను చెప్పాల్సొస్తుంది."

ఆయన నా వంక చూడలేదు. వాననే చూస్తూ, "ఆఫీసు మనిషివి. చెప్పాలి మరి" అన్నాడు. కోపమో ఒప్పుకోలో నాకు తెలియలేదు.

ఇంటికెళ్లి అమ్మకి చెప్తే అమ్మ నడుం మీద చెయ్యేసుకుంది. "నిద్ర పట్టట్లేదని వెళ్తే పడుకోవద్దందా? రేపు ఆకలెయ్యట్లేదని వెళ్తే తినొద్దంటుంది! ఇందుకు ఫీజు కూడా తీసుకుందా?"

"అమ్మా, ఆవిడ చదువుకుంది."

"నువ్వూ చదువుకున్నావుగా. ఆయన మొహం చూస్తే నీకేమీ అనిపించట్లేదూ?"

అనిపించకేం. ఆ మొదటి రోజుల్లో నా పని ఇదీ. నిద్ర ముంచుకొస్తున్న మనిషిని గోడకి ఆనుకోనివ్వకుండా కూచోబెట్టాలి. తెల్లారుజామున, అప్పుడే కన్నంటుకున్నవాణ్ణి, భుజం పట్టి లేపాలి. ఆయన ఎదురు చెప్పేవాడు కాదు. చెప్తే బాగుండుననిపించేది. డాక్టరమ్మ అన్నట్టే ఇంకా దిగజారాడు. చొక్కా గుండీలు పైదానికి కిందది పెట్టుకుని యార్డుకి వచ్చాడొకరోజు.

ఒక ఆదివారం మధ్యాహ్నం సరుకులు తీసుకుని ఇంటికొచ్చాను. తలుపు దగ్గరేసి ఉంది. లోపలి గదిలో కిటికీలకి దుప్పట్లు కట్టి ఉన్నాయి. ఆ చీకట్లో నాన్న మంచం మీద బోర్లా పడి నిద్రపోతున్నాడు. గురక కూడా పెడుతున్నాడు. అమ్మ పక్కన కూచుని ఈగ వాలకుండా కొంగుతో విసురుతోంది. నన్ను చూడగానే నోటి మీద వేలు పెట్టుకుంది. ఆ కళ్లలో ఎంత సంతోషమో.

"ఎప్పటి నుంచి?" అన్నాను.

"భోజనం చేసినప్పటి నుంచీ. మాట్లాడకు."

"ప్రతి ఆదివారం ఇలాగే పడుకోబెడుతున్నావా?"

అమ్మ మొహం తిప్పుకుని ఇంకా గట్టిగా విసిరింది. అంటే, అవును.

సంచీ కింద పెట్టి మంచం దగ్గరికి వెళ్లాను. అమ్మ నా మణికట్టు పట్టుకుంది. "ముట్టుకున్నావంటే ఊరుకోను. ఎన్నాళ్లకి పడుకున్నాడే మనిషి! నిన్ను చదివించింది ఇందుకా?"

"ఇప్పుడు పడుకుంటే రాత్రికి ఉండదమ్మా. రేపు మళ్లీ పైకెక్కాలి. కింద ఉండేది నీ తమ్ముడు."

అమ్మ చెయ్యి వదిలేసింది. నేను నాన్నని లేపాను. ఆయన కళ్లు తెరిచినా కాసేపటికి గాని నన్ను గుర్తుపట్టలేదు. లేచి పెరట్లోకి వెళ్లి మొహం మీద నీళ్లు కొట్టుకున్నాడు. నేను కిటికీల దుప్పట్లు ఊడదీశాను. అమ్మ ఆ తరవాత నాతో మాటలు మానేసింది. ఉప్పు కావాలన్నా, రాత్రి భోజనానికి మా ఇంటికొచ్చే మావయ్యతో చెప్పించేది. "ఇదిగో కోడలా, మీ అమ్మగారు ఉప్పు అందించమని మనవి చేసుకుంటున్నారు" అనేవాడు ఆయన. ఎవరం నవ్వేవాళ్లం కాదు.

నాన్న అడిగిన రెండు వారాలూ అయిపోయాయి. ఆయన ఈల సారుకి చెప్పలేదు. నేనూ చెప్పలేదు. రేపు చెప్తానని రోజూ అనుకునేదాన్ని.

ఆ పొద్దున పొడుగు దూలాల లారీ వచ్చింది. బయట కుంభవృష్టి. రేకుల మీద వాన మోతకి పక్కవాడి మాట వినపడని పరిస్థితి. మొదటి దూలం దించారు. రెండోదాని కోసం ఖాళీ కొక్కెంతో క్రేన్ నా కిటికీ వైపు వచ్చింది. నాన్న మొహం కనిపించింది. కళ్లు మూసుకుని ఉన్నాయి. నుదురు అద్దానికి ఆని ఉంది.

క్రేన్ పట్టాల చివరిదాకా వచ్చి, అడ్డుదిమ్మెకి తగిలి ఆగింది. ఆ కుదుపుకి నాన్న ఉలిక్కిపడి లేచాడు. కింద ఉన్నవాళ్లకి అదేమీ తెలియలేదు. ఖాళీ కొక్కెం ఊగుతోంది, అంతే. క్రేన్ మళ్లీ లారీ మీదికి వెళ్లింది. దూలానికి గొలుసులు తగిలిస్తున్నారు.

నేను కుర్చీలోంచి లేచాను. మేడకి బయటి వైపున ఇనుప మెట్లు. గొడుగు తీసుకోలేదు. మెట్లు దిగేసరికే ఒళ్లంతా తడిసిపోయింది. ఈల సారు షెడ్డు అవతలి కొసన ఉన్నాడు. ఆయన దగ్గరికి నడుస్తున్నాను. ఏ మాటతో మొదలుపెట్టాలో తెలియడం లేదు. 'సార్, మా నాన్న' అనాలా, 'సార్, క్రేన్ ఆపరేటర్' అనాలా.

గొలుసులు తగిలించినవాళ్లు పక్కకి తప్పుకున్నారు. ఈల సారు ఈల ఊదాడు. ఇప్పుడు మావయ్య చెయ్యెత్తి వేలు తిప్పాలి. మావయ్య చెయ్యి లేచింది. లేచి, పక్కకి బారచాపి, అలాగే ఉండిపోయింది.

ఆపమని.

"ఏమయ్యా, ఎత్తమని చెప్పు!" అని అరిచాడు ఈల సారు.

మావయ్య ఆ చెయ్యి దించకుండా, రెండో చెయ్యి నుదుటికి పెట్టుకుని, వాన మోతని మించేలా అరిచాడు. "కళ్లు తిరుగుతున్నాయి సార్."

"ఎవరికి?"

"నాకే సార్. పొద్దున్నించీ ఒంట్లో బాగోలేదు."

మావయ్య ఒంట్లో బాగోలేనివాడిలా లేడు. రాయిలా నిలబడ్డాడు. మొదటి దూలం దించేటప్పుడే, క్రేన్ సైగ అందుకుని కదలడంలో ఎంత ఆలస్యమవుతోందో ఆయన చూసినట్టే ఉన్నాడు. అది నాకు అర్థమైంది. ఈల సారు విసుక్కుని కొత్తగా చేరిన ఒకతన్ని పిలిచాడు. "నువ్వు రావయ్యా, వాడి చోట నిలబడు." అతను హెల్మెట్ సర్దుకుంటూ పరిగెత్తుకొచ్చాడు. మావయ్య పక్కకి జరగలేదు.

అప్పటికి నేను సగం దూరం వచ్చాను. పైన మోటారు ఆగిన చప్పుడు వినిపించింది. క్యాబిన్ తలుపు తెరుచుకుంది. నాన్న నిచ్చెన దిగుతున్నాడు, ఒక్కో మెట్టూ పట్టుకుని, ముసలివాడిలా. నేరుగా ఈల సారు దగ్గరికి వెళ్లాడు. నాకంటే ముందు.

"తిరుగుతున్నవి వాడి కళ్లు కాదు సార్. నావి."

ఈల సారు నోట్లో ఈల అలాగే ఉండిపోయింది. నాన్న మొత్తం చెప్పాడు. వాన మోతలో నాకు సగమే వినపడింది. ఈల సారు మొదట కేకలేశాడు, తరవాత టోపీ తీసి తల తుడుచుకున్నాడు.

"ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదయ్యా?"

"దించేస్తారని."

"ఇప్పుడు మాత్రం దించనా?"

"ఇప్పుడు నేనే దిగాను కదా సార్."

సాయంత్రం ముగ్గురం నడిచే ఇంటికెళ్లాం. మావయ్య వెనక నడుస్తూ ఏదో కూనిరాగం తీస్తున్నాడు. నాన్న నా పక్కన.

"పైనుంచి అన్నీ కనిపిస్తాయి" అన్నాడు కాసేపటికి. "గొడుగు లేకుండా వస్తున్నావు. ఎందుకొస్తున్నావో తెలిసింది. ఆ మాట నీ నోటితో చెప్పించడం ఇష్టం లేకపోయింది."



ఆ రాత్రి విషయం విని అమ్మ చాలాసేపు తమ్ముణ్ణే చూస్తూ కూచుంది. తరవాత లేచి నా కంచంలో ఇంకో గరిటె వడ్డించింది. మళ్లీ మాట కలిసినట్టే.

ఈల సారు వేరే ఆపరేటర్‌ని పెట్టాడు. నాన్నకి కింద పని. గొలుసులు తుడిచి నూనె రాయడం, మావయ్యకి సాయంగా నిలబడటం. సీటు సంగతి మాత్రం ఏమీ తేల్చలేదు. "డాక్టరు సరేనన్నాక చూద్దాం" అన్నాడు. మొదటిసారి దూలం నెత్తి మీద నుంచి పోతుంటే నాన్న బిగుసుకుపోయాడట.

"ఎలా ఉంది బావా, కింద నుంచి?" అన్నాడట మావయ్య.

"మెడ పట్టేసింది" అన్నాడట నాన్న.

పదకొండు దాకా ఆయన్ని మేలుకుని ఉంచే పని మావయ్య నెత్తిన వేసుకున్నాడు. పేకముక్కలు పట్టుకుని వచ్చేవాడు. ఇద్దరూ దొంగాట ఆడేవాళ్లు, ఇద్దరూ ఒకరినొకరు పట్టుకునేవాళ్లు. గుసగుసల ఇల్లు కాస్తా కేకల ఇల్లయింది. అలా ఆడుతుండగానే ఒకసారి నాన్న ముక్కలు కలుపుతూ, తల ఎత్తకుండా అన్నాడు.

"కళ్లు మూస్తే చాలురా, ఆ దూలం వస్తోంది."

"నాకూ వస్తుంది బావా. కాకపోతే నాకొచ్చే దాంట్లో నేను పక్కకి దూకేస్తా. నీకొచ్చే దాంట్లో?"

నాన్న ఆలోచించాడు. "నువ్వు కదలవు."

"అదీ సంగతి! అంత మందమతినా నేను? కాస్త కదలనివ్వు బావా నన్ను. ఊరికే అలా నిలబెట్టి చంపకు."

అమ్మ లోపల నుంచి "పాడు మాటలు" అని తిట్టింది. నాన్న మాత్రం నవ్వలేదు. ముక్కలు పంచుతూ, "సరే, ఇవ్వాళ దూకమని చెప్తాలే" అన్నాడు.

నిద్ర ఒక్కసారిగా రాలేదు. మూడు రోజులు బాగుంటే నాలుగోనాడు మళ్లీ ముందు గదిలో కుర్చీలో కనిపించేవాడు. వానలు తగ్గుముఖం పట్టేసరికి కుర్చీలో కనిపించడం తగ్గింది. డాక్టరమ్మ సరేనంది. ఈల సారు రెండు మూడు రోజులు నాన్చి, "సోమవారం ఎక్కు. నీకు సైగలు మాత్రం తనే చేస్తానంటున్నాడు నీ బావమరిది, ఇంకెవరినీ రానివ్వడట" అన్నాడు.

ఆదివారం నాకే నిద్ర పట్టలేదు. రేపు ఎక్కాలన్న ఆలోచనతో ఆయన మళ్లీ మేలుకునే ఉంటాడేమోనని చెవి అటే వేసి పడుకున్నాను. తెల్లారుజామున లేచి లోపలికి వెళ్తే అమ్మ అప్పటికే లేచి మంచం పక్కన నిలబడి ఉంది. నాన్న నోరు తెరుచుకుని, ఒక కాలు మంచం బయటికి వేలాడేసి, దుప్పటి సగం కింద పడేసి ఉన్నాడు.

"టైమైంది, లేపమ్మా" అన్నాను.

"నువ్వే లేపు. నీకలవాటు."

"నాన్నా" అన్నాను. చలనం లేదు. భుజం పట్టుకుని కుదిపాను. ఊఁ అని అటు తిరిగాడు. అమ్మ నన్ను పక్కకి తోసి, కింద పడ్డ దుప్పటి కొస పట్టుకుని లాగేసింది. "ఏమండోయ్! సోమవారం!"

ఆయన మోకాళ్లు కడుపులోకి ముడుచుకున్నాడు.

బయట వీధి తలుపు దబదబా మోగింది. మావయ్య గొంతు ఇల్లంతా వినపడింది. "బావా! కింద నిలబడేవాడు వచ్చేశాడు, పైకెక్కేవాడు ఇంకా లేవలేదా?"

నాన్న కళ్లు తెరవకుండానే అన్నాడు, "వాణ్ణి కాసేపు కూచోమనవే."